మూట మోసేది వాళ్ళు, మ్యాపు చూసేది మనమా?

పోయినేడు జూన్‌లో ఓ ఆదివారం పొద్దున మా ఆవిడ కాఫీ కప్పు నా ముందు పెట్టి తాపీగా ఓ వార్త చెప్పింది. "ఆగస్టులో ఐల్ రాయల్ పోతున్న. తొమ్మిది రోజులు. అందరూ ఆడవాళ్ళే, ఒక గైడ్ ఉంటది. బ్యాక్‌ప్యాకింగ్. డబ్బులు కట్టేసిన."

నేనడిగిన మొదటి ప్రశ్న: "మరి పిల్లల సంగతేంటి?"

రెండోది: "ఆడవాళ్ళే ఎందుకు? అందరం కలిసి పోవచ్చు కదా?"

మూడోది: "గైడుకి అన్ని డబ్బులు పోయడం ఎందుకు? నేను ప్లాన్ చెయ్యనా?"

మూడూ చాలా న్యాయమైన ప్రశ్నలే అనిపించాయి నాకప్పుడు. ఆఫీసులో లంచ్ దగ్గర ఇద్దరు ముగ్గురు మనవాళ్ళకి చెబితే వాళ్ళూ అవే అడిగారు, ఇంచుమించు అదే వరసలో. (అందరం ఒకే ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌తో వచ్చాం మరి.) ఆ తొమ్మిది రోజులూ గడిచాక నాకు తెలిసొచ్చిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ పెడుతున్నాను. తిట్టాలనుకునేవాళ్ళు చివరిదాకా చదివి తిట్టగలరు.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది నిజామాబాద్ జిల్లా రెంజల్. బోధన్ పక్కన. గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టే కందకుర్తి మా మండలంలోదే, అక్కడే మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. మా నాయిన చెరుకు రైతు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ముందు చెరుకు బండ్ల లైనులో రాత్రంతా పడుకున్న రోజులు నాకింకా గుర్తు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది, అది వేరే కథ. నేను ప్రస్తుతం డెట్రాయిట్ శివార్లలో కోడ్ రాసుకుంటూ బతుకుతున్నాను. మా ఆవిడది నిజామాబాద్ టౌన్. తను టెస్టింగ్‌లో ఉంది, కాబట్టి నా మాటల్లో బగ్గులు పట్టడం ఆమెకి వృత్తి, ప్రవృత్తి కూడా. అప్పుడు మా అమ్మ ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఈ చివరి విషయం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇహ ఆ దీవి సంగతి. ఐల్ రాయల్ మిచిగన్ రాష్ట్రానిదే గానీ మిచిగన్‌కి అందనంత దూరంలో, లేక్ సుపీరియర్‌లో ఉంటుంది. పొడవు 45 మైళ్ళు, వెడల్పు ఎక్కువున్న చోట 9 మైళ్ళు. 1940లో నేషనల్ పార్కు అయింది. 1976లో దాదాపు దీవి మొత్తాన్ని వైల్డర్‌నెస్‌గా ప్రకటించారు, అంటే మనిషి చెయ్యి పెట్టకుండా వదిలేసిన అడవి. రోడ్లు లేవు, కార్లు లేవు, ఫోన్ సిగ్నల్ ఆశ పెట్టుకోకూడదు. నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా పార్కుకి తాళం. మా ఇంటి నుంచి హౌటన్ అనే ఊరికి కారులో దగ్గర దగ్గర పది గంటలు, అక్కణ్ణుంచి పడవలో ఆరు గంటలు. ఏడాది మొత్తం మీద అక్కడికి వెళ్ళే జనం సాధారణంగా ముప్పై వేలు దాటరు. మా బాసరలో వసంత పంచమి నాడు ఒక్కరోజులో అంతకంటే ఎక్కువ మంది కనిపిస్తారు.

సైన్సు వాళ్ళకి మాత్రం ఆ దీవి బాగా తెలుసు. 1958 నుంచీ అక్కడ తోడేళ్ళ మీద, మూస్ అనే పెద్ద జింకల మీద ఆపకుండా పరిశోధన జరుగుతోంది. ఒక దశలో తోడేళ్ళు రెండే మిగిలాయి. అప్పుడు 2018, 2019లలో బయటి నుంచి 19 తోడేళ్ళని తెచ్చి వదిలారు. ఈ తోడేళ్ళ వల్ల నడిచేవాళ్ళకి ఒక చిక్కు ఉంది. వాటి కడుపులోని బద్దెపురుగు గుడ్లు చెరువుల నీళ్ళలో కలుస్తాయి. క్లోరిన్ బిళ్ళ వేస్తే అవి చావవు. నీళ్ళు మరిగించాలి, లేదా 0.4 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టాలి. అక్కడ భయపడాల్సింది తోడేలు కోరలకి కాదు, తాగే చెంబుడు నీళ్ళకి.

వీళ్ళు నడిచింది గ్రీన్‌స్టోన్ రిడ్జ్ అనే బాట. తూర్పున రాక్ హార్బర్ దగ్గర్నుంచి పడమర కొసన విండిగో దాకా, దీవి వెన్నెముక మీదుగా, సుమారు 40 మైళ్ళు. ఆరు రోజుల నడక. టెంటు, బట్టలు, తిండి, స్టవ్వు, అన్నీ వీపు మీదే. ఐదుగురు ఆడవాళ్ళు, ఒక గైడు. ఒకావిడ నర్సు, ఒకావిడ రిటైరైన టీచరు, ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, మా ఆవిడ.

గైడు ఎందుకు?

నా మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, అన్నిట్లోకీ సులువైంది గనక.

"దారి నాకు తెలుసు కదా" అన్నాను. నిజంగానే తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు ఫ్రెండ్స్‌తో అదే దీవికి వెళ్ళొచ్చాను. దానికి మా ఆవిడ ఇచ్చిన జవాబు: "నీకు దారి తెలుసు. అందుకే నీతోని రాను. నీతోని వస్తే నేను దారి నేర్చుకోను."

అప్పుడు నాకది పొగరుగా అనిపించింది. మనలో జూనియర్లకి పని నేర్పినవాళ్ళు చాలామందే ఉంటారు. సీనియర్ పక్కన కూర్చుని, జూనియర్ రెండు నిమిషాలు తడబడగానే "ఇటివ్వు, నేను చేస్తా" అని కీబోర్డు లాక్కుంటే ఆ జూనియర్‌కి ఏం వస్తుంది? బగ్గు ఫిక్సవుతుంది, మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. నేను చేసేది అదే. అదే పని ఇంట్లో చేస్తే దానికి ప్రేమ అని పేరు.

డబ్బు తీసుకునే గైడు కీబోర్డు లాక్కోదు. లాక్కోకపోవడానికే ఆమెకి డబ్బులు. ఈ గైడు ఎవరి బ్యాగూ మోయలేదు. రోజుకొకరికి మ్యాపు, కంపాస్ ఇచ్చి "ఇవ్వాళ లీడర్ నువ్వు" అనేది. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు తినాలి, వాన మొదలైతే ముందుకు పోవాలా టెంటు వేసెయ్యాలా, అన్నీ ఆ రోజు లీడర్ చెప్పాల్సిందే. ఆమె వెనకాల నడుస్తూ చూసేది.

నాలుగో రోజు మా ఆవిడ వంతు. ఇష్పెమింగ్ పాయింట్ దగ్గర దారి చీలుతుంది. ఒకటి రిడ్జ్ మీదుగా పడమరకి, ఇంకోటి దక్షిణాన మలోన్ బే వైపు కిందికి. మాటల్లో పడి ఈవిడ బోర్డు చూసుకోకుండా కిందికి దిగే దారి పట్టింది. వెనక నలుగురూ నడిచారు. గైడు నోరు మెదపలేదు. ఓ పావుగంట తర్వాత ఈవిడకే డౌటొచ్చింది: మ్యాపులో గుట్ట మీద ఉండాల్సిన మనం ఇంతసేపటి నుంచి దిగుతున్నామేంటి? ఆగి, మ్యాపు పరిచి, కంపాస్ పెట్టి చూసి, "తప్పు నాది, వెనక్కి" అంది. అందరూ మళ్ళీ ఎక్కారు. ఎవరూ ఒక్క మాట అనలేదట.

అక్కడ నేనుంటే ఏం జరిగేది? పదో అడుగులోనే "అటు కాదు, ఇటు" అనేవాణ్ణి. పావుగంట కలిసొచ్చేది. ఆవిడకి కంపాస్ చూడటం ఈ జన్మలో వచ్చేది కాదు.

గైడు ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది, మొండి కారణం. అక్కడ కాలు మడత పడితే అంబులెన్స్ రాదు. ఇలాంటి పని చేసేవాళ్ళు వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ అని 70, 80 గంటల కోర్సు చేస్తారు. ఆస్పత్రి అందుబాటులో లేనిచోట మనిషిని ఎలా నిలబెట్టాలో నేర్పే కోర్సు అది. శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం గైడు దగ్గరుంటుంది. నా దగ్గర ఉన్నదల్లా ఆత్మవిశ్వాసం.

ఆడవాళ్ళే ఎందుకు?

"మగాళ్ళ మీద నమ్మకం లేదా?" అని ఓ మిత్రుడు నిజంగానే నొచ్చుకున్నాడు. "మగవాళ్ళకి మాత్రమే అని మనం ట్రిప్పు పెడితే ఊరుకుంటారా?" అని ఇంకొకాయన. (మన బ్యాచిలర్ ట్రిప్పులన్నీ ఏమిటో ఆయనకి గుర్తు రాలేదు పాపం.)

మా తెలుగు ఫ్యామిలీల క్యాంపింగ్ ఎలా ఉంటుందో చెప్తాను. ప్రతి ఏడూ లడింగ్టన్ స్టేట్ పార్కుకో, ఇంకోచోటికో నాలుగైదు కుటుంబాలు పోతాం. దిగగానే మగాళ్ళం కొలువు తీరతాం. "వదినా, మీరు కూర్చోండి, టెంటు మేం వేస్తాం." కట్టెలు మేం కొడతాం, నిప్పు మేం రాజేస్తాం, మ్యాపు మేం చూస్తాం. ఆహా, ఎంత మర్యాద! వదినలు కూర్చుంటారా? కూర్చోరు. కూలర్లు విప్పి పులిహోర, పూరీలు, పిల్లలకి పెరుగన్నం, పదిహేడు మందికి ఉల్లిపాయలు. పదేళ్ళు క్యాంపింగ్‌కి వెళ్ళిన మా ఆవిడకి టెంటు కర్ర ఏ కన్నంలో దూర్చాలో తెలియదు. ఎవరూ వద్దనలేదు. మేమే చేసేశాం, అంతే.

ఇది మనవాళ్ళ జబ్బు మాత్రమే కాదు. ఆర్లిన్ బ్లమ్ అని అమెరికన్ పర్వతారోహకురాలు, కెమిస్ట్ కూడా. ఆమె కుర్రదిగా ఉన్నప్పుడు అలాస్కాలోని డెనాలి శిఖరానికి వెళ్ళే ఓ బృందంలో చేరతానని అడిగితే, ఆడవాళ్ళు బేస్ క్యాంపు దాకా వచ్చి వంటలో సాయం చెయ్యొచ్చని జవాబొచ్చింది. దాంతో 1970లో ఆరుగురు ఆడవాళ్ళు సొంతంగా గుంపు కట్టి డెనాలి ఎక్కేశారు. దిగేటప్పుడు శిఖరం దగ్గర్లోనే వాళ్ళ లీడర్ గ్రేస్ హోమన్ కుప్పకూలిపోతే మిగతావాళ్ళే ఆమెని కిందికి దించుకొచ్చారు. 1978లో ఇదే బ్లమ్ నడిపిన ఆడవాళ్ళ బృందం అన్నపూర్ణ ఎక్కింది. అందులో ఇద్దరు సభ్యులు ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. ఆట కాదని వాళ్ళకీ తెలుసు.

ఆడవాళ్ళ గుంపు ఎందుకు పుట్టిందంటే, కలిసి పోయిన చోట వాళ్ళకి గరిటె ఇచ్చారు గనక. అడవి నుంచి వాళ్ళని కాపాడటానికి అనుకుంటాం మనం. నాకు అర్థమైనంతలో, సాయం చేసే నాలాంటి మొగుళ్ళ నుంచి కాపాడటానికి :)

ఇంకో సంగతి ఉంది. చెప్పడానికి మొహమాటపడతాం గానీ చెప్పాలి. మా అమ్మ బోధన్‌లో బస్సెక్కి హైదరాబాద్ పోవాలంటే పొద్దుట్నుంచీ నీళ్ళు తాగదు. ఎందుకో మీ అమ్మని అడగండి, అదే చెబుతుంది. మధ్యలో ఎక్కడ దిగుతాం, ఎక్కడికి పోతాం అనే బెంగ. మగాళ్ళున్న గుంపుతో అడవిలో నడిచే ఆడవాళ్ళు కూడా అదే పని చేస్తారట. పదమూడు కిలోల బరువుతో ఎండలో గుట్టలెక్కుతూ నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ ట్రిప్పులో మొదటి సాయంత్రమే గైడు ఆ సంగతంతా కూర్చోబెట్టి మాట్లాడిందట. చాటుకి ఎలా వెళ్ళాలి, నెలసరి వస్తే ఏం చెయ్యాలి, వాడినవి అడవిలో పడెయ్యకుండా ఎలా తిరిగి మోసుకురావాలి. పది నిమిషాల మాటలు. ఆ పది నిమిషాలు నేనక్కడ ఉండుంటే జరిగేవి కావు.

అమెరికాలో దీన్ని ఓ పద్ధతిగా ఆలోచించినవాళ్ళు ఉన్నారు. 1991లో విస్కాన్సిన్‌లో ఆడవాళ్ళకి అడవి పనులు నేర్పే ఒక కార్యక్రమం మొదలైంది. చేపలు పట్టడం, పడవ నడపడం, మ్యాపు చదవడం, అన్నీ. ఇప్పుడు మా మిచిగన్‌తో సహా చాలా రాష్ట్రాల్లో నడుస్తోంది. ఆడవాళ్ళకి ఇష్టం లేక రావట్లేదనుకోవడం పొరపాటు, నేర్పే చోటు లేక రావట్లేదన్నది అక్కడి ఆలోచన. ఆడవాళ్ళు ఎప్పటికీ వేరుగానే నడవాలని నేనూ అనను. నేర్చుకునేటప్పుడు పక్కన లాక్కునే చెయ్యి లేకుండా ఉంటే చాలు.

మరీ దూరం పోనక్కర్లేదు, మా జిల్లాలోనే చూడండి. సిరికొండ మండలం పాకాల. వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్చుకుని, డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ తీసుకుని, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. అదే గురుకులాల నుంచి ఖమ్మం జిల్లా పిల్లాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే ఎక్కాడు. తర్వాత పూర్ణ ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేసింది. ఆఖరిది 2022 జూన్‌లో, డెనాలి. వంట చెయ్యడానికైతే రమ్మన్నారే, ఆ డెనాలి. అక్కడ షెర్పాలు ఉండరు, ఎవరి సామాను వాళ్ళే మోసుకోవాలి, స్లెడ్జి మీద ఈడ్చుకోవాలి.

పూర్ణ కథలో నాకు ముఖ్యమనిపించేది, ఆమెని అడగాల్సిన ప్రశ్న ఎవరో అడిగారు. "ఎక్కుతావా?" అని. గురుకులం ఖర్చు పెట్టుకుంది. ఐల్ రాయల్ ట్రిప్పుకి మేం కట్టింది దాదాపు మా ఒక నెల ఇంటి కిస్తీ అంత. అది అందరికీ కుదిరేది కాదు, ఒప్పుకుంటాను. కుదరనివాళ్ళ కోసమే ప్రభుత్వ హాస్టలు, యూత్ హాస్టల్స్ అసోసియేషన్ లాంటి చవక దారులు కావాలి. భువనగిరి గుట్ట మీద నేర్చుకున్న పిల్ల ఎక్కడిదాకా పోగలదో చూశాం కదా.

పిల్లల సంగతేంటి?

ఇప్పుడు అసలు ప్రశ్న.

ఆవిడ వెళ్ళింది. నేను ఆఫీసులో వారం సెలవు పెట్టాను, మహా త్యాగంలాగ. మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. పిల్లలు తిన్నారు, స్నానాలు చేశారు, ఇల్లు శుభ్రంగా ఉంది. "ఇదేముంది, మేనేజ్ చెయ్యొచ్చు" అని ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో కూడా పెట్టాను.

మూడో రోజు రాత్రి నీళ్ళ కోసం వంటింట్లోకి వస్తే అమ్మ సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతోంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఇంట్లో డిష్‌వాషర్ ఉంది, దాన్ని నమ్మదు. అప్పుడు వెలిగింది. మేనేజ్ చేస్తున్నది నేను కాదు. ఒక ఆడమనిషి అడవికి పోతే ఆమె పని నెమ్మదిగా జారి ఇంకో ఆడమనిషి మీద పడింది. నేను మధ్యలో పిజ్జా ఆర్డర్ చేసి మార్కులు కొట్టేశాను.

గిన్నెలు లాక్కుని నేను తోముతుంటే అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది. "ఎక్కడిదాక పోయిందో పిల్ల" అంది. మ్యాపు చూపించాను. కాసేపు చూసి, "నేను గూడ మూట కట్టిన ఒకసారి" అంది.

మా వైపు మహారాష్ట్ర సరిహద్దు కదా, విఠోబా భక్తి ఎక్కువ. ఆషాఢ ఏకాదశికి పండరిపురం నడిచిపోయే గుంపులు ఉండేవి. మా నాయనమ్మ ఓసారి పోయొచ్చింది. ఆలోచిస్తే అది కూడా గైడుతో నడిచే బ్యాక్‌ప్యాకింగే. దిండీ అంటారు దాన్ని. ముందు వీణ పట్టుకున్న మనిషి, మజిలీలు తెలిసిన పెద్ద, నెత్తిన తులసి కోటతో ఆడవాళ్ళు, భుజాన మూట, రోజూ ఇన్ని కోసులని లెక్క. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఇల్లు దాటి దూరం పోవడానికి ఉన్న ఒకే ఒక పాస్‌పోర్టు దేవుడు.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ కూడా పోదామనుకుందట. రెండు చీరలు, ఒక దుప్పటి, అటుకులు మూట కట్టింది. వాడకట్టు ఆడవాళ్ళు నలుగురు కలిశారు. నాట్లు పడే కాలం. నాయిన కోప్పడలేదట.

"పోవద్దని అనలె మీ నాయిన. 'మరి పిల్లల సంగతేంది?' అన్నడు. గంతే. మూట విప్పిన."

నేను గిన్నె తోముతూనే ఉన్నాను. తల తిప్పలేదు. జూన్‌లో మా ఆవిడని నేనడిగినప్పుడు అమ్మ పక్క గదిలోనే ఉంది. విన్నదో లేదో అడగలేదు.

మా నాయిన చెడ్డవాడు కాదు. నేనూ కాదనే అనుకుంటాను. ఆ ప్రశ్నలోని కిటుకే అది. తిట్టక్కర్లేదు, వద్దనక్కర్లేదు. జవాబు చెప్పే బాధ్యత ఆమె మీద పెడితే చాలు, మూట దానంతటదే విచ్చుకుంటుంది. ఏమీ వద్దనకుండానే ఆపేసిన గొప్ప పేరు మనకి దక్కుతుంది.

నా పెద్దకూతురికి ఎనిమిది నెలలప్పుడు నేను ఐదు నెలలు ఆన్‌సైట్ వచ్చాను. ఒక్కరంటే ఒక్కరు నన్ను "పిల్ల సంగతేంటి?" అని అడగలేదు. స్వీట్లు పంచారు. ఎయిర్‌పోర్టుకి రెండు కార్లలో వచ్చారు. మీలో ఆన్‌సైట్ వెళ్ళిన మగాళ్ళు ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి. ఎవరడిగారు మిమ్మల్ని?

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. ఆ పథకం ఖర్చు గురించి, డ్రైవర్ల కండక్టర్ల కష్టం గురించి వాదించొచ్చు, వాదించాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన జోకులు మాత్రం ఖర్చు గురించి కావు. "పనీపాటా లేక తిరుగుతున్నారు" అని. ఆడమనిషి తిరగడానికి ఒక పని ఉండాలి, ఒక దేవుడుండాలి, ఒక పెళ్ళో చావో ఉండాలి. ఊరికే చూసొద్దామని బయల్దేరితే నవ్వులాట. మనం గోవాకి ఏ పని మీద పోయాం?

బరువులు మొయ్యలేరు అనే మాట కూడా విన్నాను. వానాకాలం రెంజల్ పొలాల గట్ల మీద ఒక్కసారి నిలబడి చూడండి. నాటు వేసే గుంపులన్నీ ఆడవాళ్ళవే. మోకాలి లోతు బురదలో పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నడుము వంచి పని. గుత్త మాట్లాడేది వాళ్ళే, గుంపుని నడిపేదీ వాళ్ళలో ఒకావిడే. సాయంత్రం ఇంటికొస్తూ నెత్తి మీద గడ్డిమోపు. నడకా, బరువూ, గుంపూ ఎప్పట్నుంచో వాళ్ళవే. లేనిదల్లా పని పేరు పెట్టకుండా బయటికి పోయే వీలు.

ఆవిడ తొమ్మిదో రోజు రాత్రి వచ్చింది. మొహం ఎండకి కమిలిపోయింది, మడమల మీద బొబ్బలు, బట్టల నుంచి అడవి పందిని గుర్తుచేసే వాసన. బ్యాగు హాల్లో దించింది. అమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అడిగింది.

"ఎంత బరువుంటది బిడ్డా?"

"పోయేటప్పుడు పదమూడు కిలోలు అత్తమ్మా."

అమ్మ ఒక చేత్తో పట్టీ పట్టుకుని ఎత్తి చూసింది. "గడ్డిమోపంత గూడ లేదు" అని తేల్చేసింది. తర్వాత ఇద్దరూ అర్ధరాత్రి దాకా కూర్చుని ముచ్చట్లే ముచ్చట్లు. తప్పు దారి పట్టిన కథ అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. నన్ను ఎవరూ పిలవలేదు. నేను డిష్‌వాషర్ సర్దాను.

కాబట్టి అయ్యలారా, నేను చెప్పొచ్చేది ఇంతే. ఇంట్లో ఆడమనిషి "నేను పోతున్నా" అంటే అడగాల్సిన ప్రశ్నలు రెండే. "ఎప్పుడు?" "నేనేం చూసుకోవాలి?" రెండో ప్రశ్నకి జవాబుగా వచ్చిన పని అమ్మకో, అత్తకో, పనమ్మాయికో ఫార్వర్డ్ చెయ్యకూడదు. మీరు గొప్ప మనసుతో అనుమతి ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు, ఎవరూ అడగలేదు. మా ఆవిడ నాకు చెప్పింది సమాచారం. దాన్ని దరఖాస్తు అనుకున్నది నేను.

ఇక కొసమెరుపు. అమ్మ ఊరికి తిరిగి వెళ్ళిపోయింది. పోయిన నెల ఫోన్ చేసి, వచ్చే ఆషాఢానికి వాడకట్టు ఆడవాళ్ళతో పండరిపురం పోతున్నానంది. బస్సులో కొంత, నడక కొంత.

"మరి నీ మోకాళ్ళ సంగ..." అన్నాను.

అవతల నుంచి చప్పుడు లేదు.

"ఎప్పుడు బయల్దేరుతున్నావమ్మా?" అన్నాను.